సివిల్స్ మెయిన్స్ ఇంగ్లీషు పేపర్లో టైము ఎక్కడ కారిపోతుందంటే

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. యూపీఎస్సీ పెట్టే సివిల్స్ మెయిన్స్ రాతపరీక్షలో జనరల్ స్టడీస్ ఫర్వాలేదట, ఆప్షనల్ (నువ్వు ఎంచుకున్న సబ్జెక్టు) ఫర్వాలేదట, ఈ ఇంగ్లీషు పేపరొక్కటే టైముకు తెమలట్లేదట. కారణం నువ్వే రాశావు, గమనించావో లేదో: "వ్యాసం అయ్యేసరికి గంటన్నర." అక్కడే మునుగుతున్నావు.

ముందు లెక్క చూడు. పేపరు 300 మార్కులు, మూడు గంటలు. వ్యాసం 100, కాంప్రహెన్షన్ (పాసేజీ చదివి జవాబులు రాయడం) 75, ప్రెసీ (పాసేజీని కుదించి రాయడం) 75, గ్రామరు 50. గట్టెక్కాలంటే 25 శాతం, అంటే 75 చాలు. ఈ మార్కుల్ని ర్యాంకులో కలపరు. అలాగని తేలిగ్గా తీసుకున్నావో, ఆ 75 రాకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లెక్కలోకి తీసుకోరు. కాబట్టి ఇక్కడ పాండిత్యం పక్కనపెట్టి, ఏ ప్రశ్నా ఖాళీగా వదలకుండా చూసుకో. వ్యాసం ముట్టుకోకముందే 200 మార్కులకు రాసేశావనుకో, అందులో సగం వచ్చినా 100. ఇక వ్యాసం నింపాదిగా రాసుకోవచ్చు.

అందుకే వరస తిరగెయ్యి. మొదటి 5 నిమిషాలు పేపరంతా చదువు. తర్వాత గ్రామరుకు 25, కాంప్రహెన్షన్‌కు 35, ప్రెసీకి 45, వ్యాసానికి 60, చివర్లో 10 సరిచూసుకోవడానికి. గడియారంలో గుర్తుండాల్సినవి నాలుగే: అరగంటకు గ్రామరు, గంటా 5 నిమిషాలకు కాంప్రహెన్షన్, గంటా 50కి ప్రెసీ, 2 గంటల 50కి వ్యాసం అయిపోవాలి. స్మార్ట్ వాచ్ రానివ్వరు, ముళ్ల వాచీ పెట్టుకెళ్లు.

గ్రామరులో 50 మార్కులకు 25 నిమిషాలు, అంటే మార్కుకు అర నిమిషం. తప్పు దిద్దమన్న వాక్యం రెండుసార్లు చదివినా తప్పు కనపడకపోతే వదిలేసి ముందుకెళ్లు, చివరి 10 నిమిషాల్లో చూద్దువుగాని. 'సీనియర్' పక్కన 'దాన్' (than) ఉంటే 'టు' (to) చెయ్యి, 'వన్ ఆఫ్ మై' తర్వాత 'ఫ్రెండ్' ఉంటే 'ఫ్రెండ్స్' చెయ్యి. ఇవి తెలిస్తే క్షణంలో తడతాయి, తెలియకపోతే పది నిమిషాలు చూసినా తట్టవు.

కాంప్రహెన్షన్‌లో ముందు ప్రశ్నలు చదివి, ఆ తర్వాతే పాసేజీలోకి దిగు. చదువుతూ ఏ ప్రశ్నకు ఏ పేరాలో జవాబుందో రఫ్‌గా రాసుకో: '3 - రెండో పేరా' అంటే చాలు. చదవడానికి 10 నిమిషాలు, ఐదు ప్రశ్నలకు ప్రశ్నకు 5 చొప్పున 25. ఒక్కో జవాబు మూడు నాలుగు వాక్యాలు, సొంత మాటల్లో. పాసేజీలో వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించితే మార్కులు పోతాయి, పైగా అది పొడుగ్గా ఉంటుంది కాబట్టి టైమూ పోతుంది.

నిజంగా టైము మింగేది ప్రెసీ. మూడో వంతుకు కుదించాలి, శీర్షిక పెట్టకూడదు. అందరూ చేసే పొరపాటు, మొత్తం ప్రెసీ రఫ్‌లో రాసి, మాటలు లెక్కపెట్టి, మళ్లీ ఫెయిర్ చెయ్యడం. రెండోసారి రాతకే 12 నిమిషాలు పోతాయి. ఇలా చెయ్యి. పాసేజీలో మొదటి ఐదు లైన్ల మాటలు లెక్కపెట్టు. 58 వచ్చాయనుకో, లైనుకు సుమారు 11.6. మొత్తం 60 లైన్లుంటే 696 మాటలు, అందులో మూడో వంతు 232. నీ చేతిరాతలో లైనుకు 9 మాటలు పడతాయనుకుంటే దాదాపు 26 లైన్లు. జవాబు రాసే చోట 26వ లైను ఎక్కడొస్తుందో ముందే చూసి పెట్టుకో. ఇక మాటలు లెక్కపెట్టే పనే లేదు, ఆ లైను దగ్గరపడుతుంటే నీకే తెలిసిపోతుంది. రఫ్‌లో పేరాకు ఐదారు మాటల నోట్ చాలు, దాన్ని చూస్తూ ఒకేసారి ఫెయిర్‌గా రాసెయ్. ఉదాహరణలు, కొటేషన్లు, చెప్పిందే తిప్పి చెప్పిన వాక్యాలు మొదటే తీసేస్తే సగం కుదింపు అక్కడే అయిపోతుంది. నీ చేతికి లైనుకు ఎన్ని మాటలు పడతాయో ఇంటి దగ్గరే తేల్చుకో, హాల్లో కాదు.

ఇక వ్యాసం. 600 మాటలు అడిగారు, నువ్వు 900 రాస్తున్నావు. ఎందుకురా? ఆలోచిస్తూ రాస్తే నిమిషానికి 15 మాటలు నడుస్తాయి, 600 అంటే 40 నిమిషాలు. మొదటి 12 నిమిషాలు టాపిక్కుకూ పాయింట్లకూ, చివరి 8 నిమిషాలు చదువుకోడానికి. టాపిక్ ఎంచుకోవడానికి ఒకటే పరీక్ష: రెండు నిమిషాల్లో ఐదు పాయింట్లు కాగితం మీద పడాలి. పడకపోతే అది ఎంత అందంగా కనిపించినా వద్దు. మొదలుపెట్టాక టాపిక్ మార్చడం అన్నిటికన్నా ఘోరం. ఆరంభం 80 మాటలు, మధ్యలో నాలుగు పేరాలు 110 చొప్పున, ముగింపు 80. కంఠస్థం చేసిన కొటేషన్ల కోసం పెన్ను ఆపి పైకప్పు చూడకు.

ఒకవేళ ఆలస్యమై అరగంటే మిగిలి, వ్యాసం మొదలే కాలేదనుకో. 5 నిమిషాలు పాయింట్లకిచ్చి, నాలుగు పేరాలతో 350 మాటల్లో పూర్తిచెయ్యి. సగంలో తెగిపోయిన 500 మాటలకన్నా ముగింపున్న 350 నయం.

పాత పేపర్లు యూపీఎస్సీ వెబ్‌సైట్లోనే ఉన్నాయి. వారానికొకటి, మూడు గంటలూ లేవకుండా, పెన్నుతో రాయి. ప్రతి భాగం పూర్తవగానే గడియారంలో నిమిషం మార్జిన్లో వేసుకో. మూడు పేపర్లకే ఏ భాగం ఎన్ని నిమిషాలు దాటేస్తోందో బయటపడుతుంది, ఆ అంకెలు నాకు పంపు.

అన్నట్టు, చివర్లో మిగిలిన ఖాళీ పేజీల మీద అడ్డగీత గీసి కొట్టెయ్యడం మరిచిపోకు. ఆ 10 నిమిషాల్లో మొదట చెయ్యాల్సింది అదే.

నీ
నేస్తం