ఎలక్ట్రిక్ కారుకు 40 శాతం: షోరూముల్లో చెప్పని సగం

సంపాదకులకు,

వ్యాపారం పేరిట ఎలక్ట్రిక్ కారు కొంటే పన్నులో 40 శాతం వెనక్కొస్తుందన్న మాట విశాఖ షోరూముల్లో గట్టిగా వినిపిస్తోంది. 40 శాతం అనేది తరుగుదల రేటు, అంటే బండి పాతబడే కొద్దీ తగ్గే విలువలో ఏటా ఖర్చుగా రాసుకోనిచ్చే వాటా. మామూలు పెట్రోలు కారుకు అది 15 శాతం. 15 లక్షల ఎలక్ట్రిక్ కారు మీద మొదటి ఏడాది 6 లక్షలు ఖర్చు రాసుకోవచ్చు; 30 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి పన్నులో మిగిలేది 1,87,200 రూపాయలే. రెండో ఏడాది లెక్క మిగిలిన 9 లక్షల మీదే.

అదీ అక్టోబర్ 3 లోగా బండి వాడకంలోకి వస్తేనే. మార్చి 31తో ముగిసే ఆ ఏడాదిలో వాడకం 180 రోజులు నిండకపోతే 20 శాతమే దక్కుతుంది. దసరాకి బుక్ చేసి దీపావళికి డెలివరీ తీసుకునేవారు నష్టపోయేది ఇక్కడే.

సొంత వాడకం వాటాను ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 38 కింద తీసేయాలి. ద్వారకానగర్ నుంచి అచ్యుతాపురం సెజ్‌కి వెళ్తే తేదీ, బయల్దేరినప్పటి రీడింగ్, తిరిగొచ్చినప్పటి రీడింగ్, కలిసిన పార్టీ పేరు ఆ రోజే రాసుకోవాలి. ఆదివారం భీమిలి షికారు ఇందులోకి రాదు. అమెరికాలో ఉన్న పిల్లలు చెప్పారని కిలోమీటరుకు ఇంతని వేసేవారూ ఉన్నారు. అక్కడ 2025కి మైలుకు 70 సెంట్ల లెక్క ఉంది. మన చట్టంలో సొంత వ్యాపారానికి అలాంటి రేటు లేదు. అయిన ఖర్చుకు కాగితం చూపాల్సిందే.

ఆ కాగితం దొరకనిది చార్జింగ్ దగ్గరే. ఇంటి కరెంటు బిల్లు మొత్తం చూపితే నిలవదు. చార్జర్ లైనుకు విడిగా సబ్‌మీటరు పెట్టించి, కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ రీడింగ్ తీసిన రోజే దాన్నీ ఫోటో తీసి ఉంచుకోవాలి. కారు తెర మీద కనిపించే యూనిట్లను నమ్ముకోకండి; చార్జింగ్‌లో కొంత కరెంటు వేడిగా పోతుంది కాబట్టి మీటరులో ఎక్కువ పడుతుంది. బయట స్టేషన్లలో యాప్ వాలెట్లో వేసిన డబ్బు అడ్వాన్సు మాత్రమే. చార్జ్ చేసినప్పుడల్లా వచ్చే ఇన్వాయిస్ దించుకుంటేనే అది ఖర్చు.

10 లక్షలు దాటిన కారుకు డీలరు వసూలు చేసే 1 శాతం టీసీఎస్‌ను (కొనేవారి పేరిట ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) ధరలో కలిపేస్తుంటారు. అది మన పేరిట జమైన పన్ను చూపే ఫారం 26ఏఎస్‌లో ఉంటుంది, కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవాలి. 5 శాతం జీఎస్టీకి మామూలు వ్యాపారికి ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని తన జీఎస్టీలోంచి తగ్గించుకునే వీలు) రాదు కనుక దాన్ని ధరలో కలపవచ్చు. డీలరుకు ఒకే రోజు 10 వేలు మించి నగదు ఇస్తే ఆ సొమ్ముకు తరుగుదల రాదు. ఈఎంఐలో వడ్డీయే ఖర్చు, అసలు కాదు.

లోన్ వడ్డీపై లక్షన్నర మినహాయింపు ఇచ్చే సెక్షన్ 80ఈఈబీ 2023 మార్చి 31 లోగా మంజూరైన రుణాలకే. పైగా కొత్త పన్ను విధానంలో అది లేదు. తరుగుదల మాత్రం ఉంటుంది. (ఈ సెక్షన్లు 1961 చట్టానివి, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 చట్టంలో నంబర్లు వేరు.)

అన్నిటికంటే ముందు చూడాల్సింది రిటర్న్ ఏ పద్ధతిలో వేస్తున్నామన్నది. సెక్షన్ 44ఏడీ కింద, ఖర్చుల లెక్క లేకుండా, అమ్మకాల్లో ఇంత శాతమని అంచనా లాభం చూపే దుకాణదారుకూ, 44ఏడీఏ కింద రాబడిలో సగం చూపే డాక్టరుకూ ఈ తరుగుదల, కారు ఖర్చులు విడిగా రావు. తరుగుదల ఇచ్చేసినట్టే లెక్కగట్టి, కారు విలువను ఏటా తగ్గించేస్తారు కూడా. షోరూమువాళ్లు ఈ ఒక్క ప్రశ్న అడిగాకే 40 శాతం మాట ఎత్తితే బాగుంటుంది.

– పన్ను సలహాదారులు, ద్వారకానగర్, విశాఖపట్నం