ఎవరూ అడగకుండానే ఆయన ఎందుకు చెప్పాడు?

ఏలూరు,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన శారదా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడంలో ఇంత ఆలస్యం చేసినందుకు నన్ను క్షమించు. ఇంటి కబుర్లు ముందుగా చెప్పేస్తాను: అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది, ఇప్పుడు పేపరు తనే చదువుకుంటోంది, తమ్ముడికి బదిలీ అయింది, ఈ ఏడు కాయ ఆలస్యంగా దిగింది కాబట్టి నీ ఆవకాయ జాడీ ఇంకా పంపలేకపోయాను. నీలం గొడుగు క్షేమం. ఇక అసలు సంగతికి వస్తాను. గురువారం సాయంత్రం నుంచి అది నా మనసులో ఒకటే సుళ్ళు తిరుగుతోంది, పూర్తిగా విని అర్థం చేసుకునే మనిషివి నువ్వొక్కదానివే.

ఈ ఏడాది మూడో సంవత్సరం పిల్లలకు ఆంగ్ల రచయిత చార్లెస్ డికెన్స్ నవల గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్ చెబుతున్నాను. గైడులో సారాంశం చదివి పరీక్ష రాసే పద్ధతి నీకు తెలిసిందే. మన రోజుల్లోనూ అదే జరిగింది. అందుకని కనీసం మొదటి ఐదు అధ్యాయాలైనా, క్లాసులు అయిపోయాక కూర్చుని, వాక్యం వాక్యం చదువుదామని పిల్లలతో అన్నాను. వచ్చేవాళ్ళు కొద్దిమందే, కానీ వచ్చినవాళ్ళు మానలేదు.

మొదటి అధ్యాయంలో, తల్లిదండ్రుల మొహాలు ఎన్నడూ చూడని పిప్ అనే చిన్న కుర్రవాడు, సమాధి రాయి మీద చెక్కిన అక్షరాల ఆకారాన్ని బట్టి తండ్రి చదరంగా, లావుగా, నల్లని ఉంగరాల జుట్టుతో ఉండేవాడని, తల్లి మచ్చల మొహంతో నలతగా ఉండేదని ఊహించుకుంటాడు. పక్కనే అయిదు చిన్న రాళ్ళు, అయిదుగురు తమ్ముళ్ళో అన్నలో, పసితనంలోనే పోయినవాళ్ళు. ఆ తరువాత వచ్చే పొడుగాటి వాక్యాన్ని నేను బల్ల మీద వేలితో తాళం వేస్తూ చదివాను. దురదగొండి మొక్కలు కమ్మిన ఈ చోటు శ్మశానమని, ఇక్కడ పూడ్చిపెట్టినవాళ్ళు తన వాళ్ళేనని, ఆవల కాలవలూ గట్లూ ఉన్న చీకటి మైదానం చిత్తడి నేలలని, దానికి ఆవలి సీసం రంగు గీత నది అని, గాలి విసిరివస్తున్న ఆ దూరపు గుహ సముద్రమని, ఇదంతా చూసి భయపడి ఏడవబోతున్న ఆ వణుకుల మూట పిప్ అని, ఆ ఒక్క వాక్యంలోనే పిల్లవాడికి తెలిసివస్తుంది. చూపు సమాధి దగ్గర మొదలై సముద్రం దాకా వెళ్ళి, ఒక్కసారిగా తిరిగివచ్చి పిల్లవాడి మీద ఆగుతుంది. సరిగ్గా అక్కడ, సమాధుల మధ్య నుంచి, కాలికి ఇనుప సంకెలతో ఆ ఖైదీ లేస్తాడు. మా క్లాసులో ఒక అబ్బాయి నిజంగానే ఉలిక్కిపడ్డాడు, శారదా. నూట అరవై ఏళ్ళు దాటిన వాక్యం ఏలూరులో ఒక పిల్లవాణ్ణి ఉలికిపడేలా చేసింది!

ఆ ప్రదేశం డికెన్స్ కల్పించుకున్నది కాదు. ఆయన బాల్యంలో కొన్నేళ్ళు ఇంగ్లండ్‌లో, కెంట్ ప్రాంతంలోని ఛాథమ్‌లో గడిచాయి, తండ్రి అక్కడ నౌకాదళపు జీతాల కార్యాలయంలో పనిచేసేవాడు. 1856లో ఆయన ఆ ప్రాంతంలోనే గాడ్స్ హిల్ అనే ఇల్లు కొనుక్కున్నాడు. దగ్గరలోనే ఉన్న కూలింగ్ గ్రామపు చర్చి ఆవరణలో పసిపిల్లల సమాధి రాళ్ళు 13 ఉన్నాయి. నవలలో ఉన్నవి 5. నిజాన్ని ఉన్నదున్నట్టు రాస్తే పాఠకుడు నమ్మడని ఆయన తగ్గించి ఉంటాడని నా అభిప్రాయం. ఖైదీ తప్పించుకుని వచ్చిన జైలు ఓడలూ నిజమే; పనికిరాని పాత ఓడలను నది మీద నిలిపి, వాటిలో నేరస్థులను ఉంచే పద్ధతి 1776లో మొదలై 1857 దాకా నడిచింది. అంటే ఈ నవల వచ్చేనాటికి ఆ ఓడలు పోయాయి కానీ, జనం వాటిని ఇంకా మరిచిపోలేదు.

రెండో అధ్యాయాన్ని త్వరగా దాటేస్తాను. అక్క మిసెస్ జో, ఆవిడ బెత్తం, ఆవిడ భర్త కమ్మరి జో, రాత్రిపూట బావా బావమరిదీ ఒకరికొకరు చూపించుకుంటూ రొట్టె కొరుక్కునే ఆట, తిండీ ఆకురాయీ తెమ్మని బెదిరించిన ఆ ఖైదీ కోసం పిప్ ఆ రొట్టెను పంట్లాములో దాచుకోవడం, గుటుక్కున మింగేశాడనుకుని ఆవిడ మందుగా తారునీళ్ళు పట్టడం, ఇవన్నీ నీకు గుర్తే ఉంటాయి. తెల్లవారుజామున పిప్ వంటగదిలో రొట్టె, జున్ను, బ్రాందీ, చివరికి పండుగ కోసం చేసి ఉంచిన, పై అనే పంది మాంసపు వంటకం కూడా దొంగిలించి, కొలిమిలో ఆకురాయి తీసుకుని, పొగమంచులోకి పరుగెత్తుతాడు. ఈ నవల 1860 డిసెంబరు 1 నుంచి డికెన్స్ నడిపిన వారపత్రికలోనే సీరియల్‌గా వచ్చింది. మొదటి వారం భాగం ఆ పరుగు దగ్గరే ఆగింది. వారం రోజులు లండన్‌లో ఎంతమంది ఆ కుర్రవాడి కోసం ఎదురుచూశారో! సీరియల్ చదవడానికి పత్రిక కోసం కొట్టుకున్న వాళ్ళం మనం, నీకు వేరే చెప్పాలా? పేజీ చింపింది ఎవరో మాత్రం ఈనాటికీ నేను బయటపెట్టలేదు.

ఇప్పుడు గురువారం సంగతి.

అయిదో అధ్యాయం చదువుతున్నాం. సిపాయిలు ఆ ఖైదీని పట్టుకోవడానికి బయలుదేరారు. జో పిప్‌ను వీపు మీద ఎక్కించుకుని వాళ్ళ వెంట వెళ్ళాడు. ఎవరూ దొరకకపోతే బాగుండునని పిప్ చెవిలో గొణిగితే, తప్పించుకుపోతే నేను ఒక షిల్లింగ్ ఇచ్చేవాణ్ణని జో అన్నాడు. చివరికి ఖైదీ దొరికాక, అందరూ నది ఒడ్డున గుడిసెలో ఉండగా, పడవ ఎక్కించే ముందు ఖైదీ సార్జెంటుతో, తనంతట తాను, ఒక మాట చెప్పదలిచానంటాడు. వేరే ఎవరిమీదా అనుమానం పడకుండా ఉండడానికి చెబుతున్నానని, ఆకలికి ఆగలేక ఊళ్ళో కమ్మరివాడి ఇంట్లో తిండి దొంగిలించానని, కొంచెం సారా, ఒక పై తీసుకున్నానని అంటాడు. అప్పటికి ఆ దొంగతనం గురించి ఆయన్ను ఎవరూ అడగలేదు. పై పోయిందని జోకు తెలుసు కానీ, ఎవరు తీశారో తెలియదు.

మా క్లాసులో వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి ఉంది. తల్లిదండ్రులు లేరు, పెద్దమ్మ ఇంట్లో ఉండి చదువుకుంటోంది. అన్ని సాయంత్రాలూ వచ్చింది కానీ, ఎప్పుడూ నోరు విప్పలేదు. ఆ అమ్మాయి లేచి, "మేడం, ఎవరూ అడగకుండానే ఆయన ఎందుకు చెప్పాడు?" అంది. ఒక అబ్బాయి వెంటనే, ఎలాగూ దొరికిపోయాడు, ఇంకో నేరం కలిస్తే పోయేదేముంది అన్నాడు. "పోయేదేమీ లేదు, నిజమే. వచ్చేది మాత్రం ఏముంది?" అంది ఆ అమ్మాయి.

తిన్న ఉప్పుకు విశ్వాసం చూపించాడని నేను చెప్పబోయాను. మనం చదువుకున్నప్పుడు విన్న సమాధానం అదే. కానీ ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. ఆ తిండి పిప్ ఇష్టపడి పెట్టింది కాదు, గుండె, కాలేయం పీకి తింటానని బెదిరిస్తే భయంతో తెచ్చింది. బెదిరించి తెప్పించుకున్న దానికి ఎవరూ ఎవరికీ ఋణపడరు, అంది. అయితే ఋణం ఎక్కడుందని అడిగాను. పుస్తకం తిరగేసి మూడో అధ్యాయానికి వెళ్ళి, ఒక చోట వేలు పెట్టింది. ఖైదీ చలికి వణుకుతూ, కుక్క తిన్నట్టు ఆత్రంగా, ఎవరైనా వచ్చి లాక్కుంటారేమోనని అటూ ఇటూ చూస్తూ తింటుంటాడు. పిప్‌కు ఆయన దిక్కులేనితనం చూసి జాలి వేసి, మీరు ఇష్టంగా తింటున్నందుకు నాకు సంతోషంగా ఉందని అంటాడు. ఆయన కృతజ్ఞతలు చెబుతాడు. "మేడం, తిండి భయంతో తెచ్చాడు. ఈ మాట మాత్రం ఎవరూ అడగకుండా అన్నాడు. అందుకే ఆయన కూడా ఎవరూ అడగకుండా చెప్పాడు," అంది.

శారదా, ఈ నవల నేను ఎన్నిసార్లు చదివానో నీకు తెలుసు. ఆ రెండు చోట్లనూ కలిపి ఎన్నడూ చూడలేదు. నాకు కాసేపు మాట రాలేదు.

ఆ తరువాత మిగిలిందంతా దానంతటదే విప్పుకుంటూ వచ్చింది. నాలుగో అధ్యాయంలో క్రిస్మస్ భోజనం చూడు. ధాన్యం వ్యాపారి పంబుల్‌చుక్, చర్చి గుమాస్తా వాప్సిల్, బండి చక్రాలు చేసే హబుల్, ఆయన భార్య, అందరూ బల్ల చుట్టూ చేరి, ఈ కాలపు పిల్లలకు కృతజ్ఞత ఎందుకుండదని పిప్ మీద పడతారు. చేత్తో పెంచిన అక్కకు ఋణపడి ఉండాలంటారు. నువ్వు పందిపిల్లవై పుట్టి ఉంటే కసాయివాడు నిన్ను ఏం చేసేవాడో తెలుసా అని పంబుల్‌చుక్ వర్ణించి చెబుతాడు. ఆ గదిలో కృతజ్ఞత అనే మాటకు బెత్తంతో సమానమైన పని ఉంది. వాళ్ళు ఒక్కొక్క మాట అన్నప్పుడల్లా జో ఏమీ అనలేక, పిప్ కంచంలో ఇంకాస్త గ్రేవీ పోస్తాడు. ఒక చోటయితే అర పింటు దాకా పోస్తాడు! మన హాస్టల్లో పెరుగు గిన్నె నా వైపు జరిగిన రాత్రి నాకు గుర్తొచ్చింది. అంతకు మించి రాయను.

పిల్లవాడి కృతజ్ఞత గురించి అంతసేపు ఉపన్యాసాలు విన్న మనకు, అసలు కృతజ్ఞత ఎలా ఉంటుందో వెంటనే వచ్చే అధ్యాయంలో బురదలో, చీకట్లో, బేడీలు వేసిన ఒక మనిషి చేసి చూపిస్తాడు. ఆ వెంటనే జో మాట్లాడతాడు. అది నాదైనంత మేరకు నువ్వు తిన్నందుకు సంతోషమే, నువ్వేం చేశావో మాకు తెలియదు, అయినా నువ్వు ఆకలితో చావాలని మేము కోరుకోము, తోటి మనిషివి, అంతేకదా పిప్ అంటాడు. దొంగసొత్తు ఆ ఒక్క మాటతో దానమైపోయింది. ఖైదీ గొంతులో ఏదో టక్కుమంటుంది, ఆయన వెనక్కి తిరుగుతాడు. డికెన్స్ అంతకు మించి ఒక్క ముక్క రాయలేదు, రాయకపోవడమే గొప్ప.

క్లాసు అయ్యాక ఆ అమ్మాయి సైకిలు స్టాండు దగ్గర ఆగింది. మా పెద్దమ్మ కూడా నన్ను బాగానే చూస్తుంది మేడం, కానీ ఆ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నట్టే ఉంటుంది అప్పుడప్పుడు, అంది. ఏం చెప్పాలో నాకు తెలియలేదు. మర్నాడు నా దగ్గరున్న పాత ప్రతి ఇచ్చాను, అందులో నీ చేతిరాత కూడా ఉంది, నువ్వు ఏమీ అనుకోవనే ధైర్యంతో.

ఆ రాత్రి నిద్ర పట్టక మిసెస్ జో గురించి ఆలోచించాను. మొదటి పేజీలోని ఆ అయిదు చిన్న రాళ్ళూ ఆవిడ తమ్ముళ్ళవి కూడా కదా! పిప్ కంటే ఇరవై ఏళ్ళకు పైగా పెద్దది. పిప్‌కు అక్షరాల ఆకారాలుగా మాత్రమే తెలిసిన ఆ తండ్రిని, తల్లిని ఆవిడ చూసింది, సమాధి చేసింది, పసిగుడ్డుగా మిగిలిన చివరివాణ్ణి తెచ్చుకుని పెంచింది. బెత్తం పట్టుకున్న ఆ చేతిని నేను క్షమించలేను, కానీ ఆవిడ ఆ శ్మశానంలో నిలబడిన దృశ్యం ఈ అధ్యాయాల్లో ఎక్కడా లేకపోవడం మాత్రం... దీని గురించి ఇంకా ఆలోచించాలి. ఆ అమ్మాయి పెద్దమ్మ గురించి కూడా అనుకుంటున్నాను. నువ్వేమంటావో రాయి.

రేపు ఆరో అధ్యాయం మొదలుపెడతాం. చాలా చిన్నది, కానీ నాకు అన్నిటికంటే భయం దానితోనే. దొంగతనం చేసింది నేనేనని పిప్ జోకు చెప్పాలనుకుంటాడు, చెప్పడు. చెబితే జో ఇక తనను మునుపటిలా చూడడేమోనని. పరాయి ఖైదీ అడగకుండానే తన నేరంగా చెప్పుకున్న చోట, కన్నబిడ్డలా చూసిన మనిషికి ఈ పిల్లవాడు చెప్పలేకపోయాడు. ఆ మౌనం దగ్గర ఆ అమ్మాయి ఏం అడుగుతుందో అని ఎదురు

తమ్ముడు వచ్చేశాడు, స్టేషన్‌కు వెళ్ళే దారిలో ఈ ఉత్తరం డబ్బాలో వేస్తానంటున్నాడు, రైలుకు వేళ అయిందని తొందర పెడుతున్నాడు. మిగిలింది వచ్చే ఉత్తరంలో రాస్తాను. పిల్లలకు ఆశీస్సులు.

నీ,
సుభద్ర