రెట్టల బిగింపు కిట్ మీద ఫిర్యాదు: ప్రకటనలో చెప్పిన ఇంచులు టేపు మీద లేవు

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: మీరు ఆన్‌లైన్‌లో అమ్ముతున్న రెట్టల (మోచేతికి పైన ఉండే చేతి భాగం) బిగింపు కిట్ (చేతికి బిగుతుగా తొడిగే స్లీవ్, క్రీము, కండరాన్ని బిగించే కరెంటు ప్యాడ్) గురించి ఫిర్యాదు. డబ్బు వాపసు, ప్రకటన ఉపసంహరణ, తెలుగులో హెచ్చరికలు కోరుతూ.

అయ్యా / అమ్మా,

నేను పాలకొల్లులో జాకెట్లు కుట్టే టైలర్ని. నా దగ్గర కుట్టించుకునే వాళ్ల కొలతలన్నీ తేదీలతో సహా పుస్తకంలో రాసి ఉంచుతాను. చేతి పొడవు, చేతి లూజు, చంక, అన్నీ. మీ కిట్ గురించి ఈ ఉత్తరంలో రాసేదంతా ఆ పుస్తకం ముందు పెట్టుకుని రాస్తున్నాను.

మీ ప్రకటన ఫోన్లో చక్కటి తెలుగులో వచ్చింది. మూడు వారాల్లో రెట్ట చుట్టుకొలత రెండు ఇంచులు తగ్గుతుందని, తగ్గకపోతే డబ్బు వాపస్ ఇస్తామని అందులో చెప్పారు. 3,499 రూపాయలు కట్టి మీ సైటులోనే కొన్నాను. నా దగ్గరకు వచ్చే ఆడవాళ్లలో ఇంకొందరు కూడా కొన్నారు. పెళ్లిళ్ల రోజుల్లో పొట్టి చేతుల జాకెట్టు వేసుకోవాలని చాలామందికి ఉంటుంది. కానీ రెట్టలు వేలాడుతున్నాయని జాకెట్టు చేతులు మోచేతి దాకా పెట్టించుకుంటారు. ఆ మొహమాటం ఎలాంటిదో రోజూ చూస్తుంటాను కాబట్టి వాళ్లు ఎందుకు కొన్నారో నాకు తెలుసు. కాగితంలో చెప్పినట్టే క్రీము రాసి, పైన స్లీవ్ తొడిగి, సాయంత్రం ప్యాడ్ అంటించుకుని గడువు పూర్తయ్యేదాకా వాడాం. ఒక్కరి కొలత కూడా తగ్గలేదు. నా రెట్ట పదమూడుంపావు ఇంచులు ఉండేది, ఇప్పుడూ అంతే ఉంది.

మీ కాగితంలో కొలిచే పద్ధతి చదివినప్పుడే అనుమానం వచ్చింది. 'స్లీవ్ తీసిన వెంటనే కొలుచుకోండి' అని రాశారు. ఒక చోట గంటసేపు బిగించి ఉంచితే ఒంట్లోని నీరు అక్కడి నుంచి పక్కకు జరుగుతుంది. మేజోడు విప్పాక కాలి మీద రబ్బరు గీత లోతుగా పడి, కాసేపటికి మాయమైపోయినట్టే ఇదీ. స్లీవ్ తీయగానే కొలిస్తే నా టేపు కూడా పావు ఇంచు తక్కువే చూపించింది. అన్నం తిని వచ్చి కొలిస్తే మళ్లీ పాత అంకె. మర్నాడు పొద్దున లేచి కొలిచినా అదే. మీరు తగ్గిందని చూపిస్తున్నది ఆ కాసేపటి నొక్కుడునే.

చేతి కొలత తీసేటప్పుడు మేం చెయ్యి వదులుగా కిందికి వదిలేయమంటాం. భుజం ఎముక నుంచి ఎన్ని ఇంచుల కింద టేపు పెట్టామో చూసుకుంటాం, ఎందుకంటే ఒక్క ఇంచు పైకో కిందికో జరిగినా చుట్టుకొలత మారిపోతుంది. టేపు చర్మాన్ని తాకాలి గానీ నొక్కకూడదు. ఇది పని నేర్చుకునే పిల్లలకు మొదట్లోనే చెబుతాం. మీ ప్రకటన వీడియో ఆపి ఆపి చూశాను. 'ముందు' అన్నప్పుడు టేపు చంకకు ఆనుకుని ఉంది. 'తర్వాత' అన్నప్పుడు మోచేతి వైపు దిగింది. 'ముందు' ఫొటోలో ఆవిడ చెయ్యి పక్కకు చాపి, కండ కిందికి జారేట్టు వదిలేసి ఉంది. 'తర్వాత' ఫొటోలో చెయ్యి వెనక్కి తిప్పి నిటారుగా బిగబట్టింది. అలా బిగబడితే వెనక కండరం గట్టిపడి ఎవరి రెట్ట అయినా నున్నగా కనిపిస్తుంది. ఈ తేడా చూపించడానికి కిట్ అక్కర్లేదు, మూడు వారాలూ అక్కర్లేదు. ఇలా కొలిచి జాకెట్టు కుడితే ఆ జాకెట్టు మనిషికి పట్టదు. మా పనిలో తప్పు వెంటనే బయటపడుతుంది, విప్పి మళ్లీ కుట్టి ఇస్తాం. మీరు మాత్రం అదే కొలత చూపించి వేల రూపాయలు తీసుకుంటున్నారు.

కిట్‌లో ఉన్న మూడింటి గురించీ తెలుసుకున్నాను. స్లీవ్ వల్ల వచ్చేది చెమట. చెమటలో పోయేది నీరు, ఉప్పు. కొవ్వు చెమటగా కారిపోదు, రెండు గ్లాసుల నీళ్లు తాగగానే పోయిన నీరు తిరిగి వస్తుంది. క్రీము డబ్బా మీద కొల్లాజెన్ అని పెద్ద అక్షరాలతో వేశారు. కొల్లాజెన్ అంటే చర్మాన్ని బిగువుగా ఉంచే మాంసకృత్తి. దాని అణువు చాలా పెద్దది, పైన రాస్తే చర్మం లోపలి పొరలకు వెళ్లదు. తేమ పట్టి కాసేపు నునుపుగా ఉంటుంది, అంతవరకే. ఇక కరెంటు ప్యాడ్. ఇలాంటి పరికరాలు కండరాన్ని తాత్కాలికంగా బిగించగలవేమో గానీ బరువు తగ్గించడానికో చుట్టుకొలత తగ్గించడానికో వేటికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎప్పుడో చెప్పింది. 2002లోనే అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి కరెంటు బెల్టులు అమ్మిన వాళ్ల మీద తప్పుడు ప్రకటనల కేసులు పెట్టింది. అవి పొట్టకు కట్టుకునేవి, మీది చేతికి. చెబుతున్న మాట మాత్రం అదే.

డబ్బు పోవడం కంటే నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి వేరే ఉంది.

నా దగ్గరకు వచ్చే ఒక పెద్దావిడకు ఎడమ చెయ్యి కుడిచేతి కంటే బాగా లావు. ఎన్నో ఏళ్లుగా ఆవిడ జాకెట్లకు రెండు చేతులూ వేరువేరు కొలతలతో కుడుతున్నాను. అది బోదవాపు. గోదావరి జిల్లాల వాళ్లకు బోద అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. దోమకాటుతో వచ్చే ఫైలేరియా ఇది. ఏళ్ల తరబడి ప్రభుత్వం వాళ్లు ఇంటింటికీ వచ్చి డీఈసీ మాత్రలు మింగించింది దీని కోసమే. కాళ్లకే కాదు, చేతులకూ వస్తుంది. ఆవిడ కొనేముందు మీ చాట్‌లో అడిగింది, నాకు ఒక చెయ్యి వాపుగా ఉంటుంది, వాడొచ్చా అని. 'తప్పకుండా వాడండి మేడమ్, వాపు కూడా తగ్గుతుంది' అని మీ వాళ్లు జవాబిచ్చారు. ఆ మాటలు ఆవిడ ఫోన్లో ఇంకా ఉన్నాయి.

మా ఊరి ఉక్కపోత మీకు తెలిసి ఉండకపోవచ్చు. చుట్టూ కాలవలు, చెరువులు, ఆ పైన సముద్రం గాలి. వేసవిలో నూలు జాకెట్టే ఒంటికి అతుక్కుపోతుంది. గాలి ఆడని రబ్బరు స్లీవ్ తొడిగితే నాకే మోచేతి మడతలో చెమటకాయలు లేచి చర్మం ఒరుసుకుపోయింది. నాది పౌడరుతో, చల్లటి నీళ్లతో తగ్గింది. ఆవిడకు అలా కాలేదు. ఒరుసుకున్న చోట ఎర్రబడి, చెయ్యంతా మంట పుట్టి, చలిజ్వరం వచ్చింది. ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. బోద ఉన్న చేతికి చిన్న గీత పడినా అందులోంచి సూక్ష్మక్రిములు చేరి ఇలా జ్వరం తెస్తాయని, అలాంటి చేతిని రోజూ సబ్బుతో కడిగి, పొడిగా తుడిచి, గాయం కాకుండా కాపాడుకోవాలని, వాపు మీద ఏది బిగించాలన్నా డాక్టరు చూసి చెప్పిన కొలతతోనే బిగించాలని అక్కడ చెప్పారు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక చెయ్యి వాచే వాళ్లకూ ఇదే జాగ్రత్త కావాలి. మీ తెలుగు కాగితంలో ఈ విషయం మీద ఒక్క ముక్క లేదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు కరెంటు ప్యాడ్ వాడకూడదన్న మాట కూడా ఇంగ్లీషు కాగితంలో చివరన, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. తెలుగు కాగితంలో అదీ లేదు. అమ్మడానికి తెలుగు వచ్చినప్పుడు హెచ్చరించడానికి ఎందుకు రాలేదు?

ఇంకో మాట కూడా అడగాలి. మీ వీడియోలో 'బద్ధకం మీ చేతుల్లో కనిపిస్తుంది' అని ఒక అమ్మాయి అంటుంది. నేను కొలతలు తీసే చేతులు ఎవరివో చెబుతాను. వంగి నాట్లు వేసే వాళ్లవి. రొయ్యల షెడ్లలో పొద్దస్తమానం నిలబడి తలలు తీసే వాళ్లవి. నరసాపురం వైపు లేసు అల్లుతూ పిల్లల్ని చదివించుకున్న వాళ్లవి. వీళ్లలో యాభై దాటిన చాలామందికి రెట్టలు వదులయ్యే ఉంటాయి. వయసుతో చర్మంలో కొల్లాజెన్, సాగే గుణం తగ్గుతాయి. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గి అది ఇంకా త్వరపడుతుంది. ఒంట్లో కండ కూడా ఏళ్లు గడిచేకొద్దీ తరుగుతుంది. తల్లి రెట్టలు ఎలా ఉంటే కూతురి రెట్టలూ అలాగే రావడం నా పుస్తకంలోనే కనిపిస్తుంది. దీన్ని బద్ధకం అనడం అన్యాయం. ఆ మాట విని ఒక ఆవిడ తన మంచి జాకెట్టు తెచ్చి చేతులు పొడుగు పెట్టమంది. ఆ జాకెట్టు ఆవిడకు బాగానే నప్పేది.

రెట్టలు గట్టిపడాలని కోరుకోవడం తప్పని నేను అనడం లేదు. నాకూ ఆ కోరిక ఉంది కాబట్టే కొన్నాను. అందుకు దారులున్నాయి, వాటిని మీరు మాతో చెప్పలేదు. మా ఊళ్లో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గర అడిగి తెలుసుకున్నాను. రెట్ట కండలో సగానికి పైగా వెనకవైపు ఉండే ట్రైసెప్స్ కండరమేనట. మోచెయ్యి చాపేటప్పుడు, దేన్నైనా నెట్టేటప్పుడు అది పనిచేస్తుంది. కుట్టుపనిలోనూ వంటపనిలోనూ చేతులు రోజంతా ఆడతాయి గానీ దానికి తగినంత బరువు పడదు. గోడకు చేతులానించి, మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచి వంగి లేవడం ఒకటి చెప్పారు. చేతుల కుర్చీలో కూర్చుని రెండు చేతులతో నొక్కి లేవడం ఇంకొకటి. లీటరు నీళ్ల సీసా తల వెనక్కి దించి పైకెత్తడం కూడా. భుజం నొప్పి ఉన్నవాళ్లు, షుగర్ వల్ల భుజం పట్టేసిన వాళ్లు ముందు చూపించుకుని మొదలుపెట్టాలన్నారు. వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బరువు పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. కంటికి కనిపించే మార్పుకు రెండు మూడు నెలలు పడుతుంది. తిండిలో మాంసకృత్తులు సరిపడా ఉండాలి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు, అంటే అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. మేం అన్నం ఎక్కువ, పప్పు తక్కువ తినే వాళ్లం. చేపలు, గుడ్లు, పెరుగు ఇంట్లో ఉన్నా ముందు మగవాళ్లకు, పిల్లలకు పెట్టి మిగిలింది తింటాం. ఇది మార్చుకోవాల్సిన సంగతే.

ఒక్క చోటే కొవ్వు కరిగించడం మాత్రం వ్యాయామంతోనూ కాదని ఆ ఫిజియోథెరపిస్టే చెప్పారు. 1971లో అమెరికాలో టెన్నిస్ ఆటగాళ్ల చేతులు కొలిచి చూశారు. రాకెట్ పట్టే చేతిలో కండరం పెద్దదైంది గానీ చర్మం కింద కొవ్వు మందం రెండు చేతులకూ ఒకేలా ఉంది. ఒంట్లో కొవ్వు తగ్గితే చేతుల్లోనూ తగ్గుతుంది, ఎక్కడ ముందు తగ్గాలన్నది మన చేతిలో లేదు. బాగా బరువు తగ్గినవాళ్లకు వేలాడే చర్మం ఎక్కువగా ఉంటే దాన్ని తీసేది ఆపరేషనే, దానికి చెయ్యి లోపలివైపు పొడుగాటి మచ్చ మిగులుతుంది. ఇవన్నీ ఆయన పైసా తీసుకోకుండా చెప్పారు. ఆ వ్యాయామాలే ఇప్పుడు చేస్తున్నాను. టేపు అంకె పెద్దగా మారలేదు. రెట్ట పట్టుకుంటే మునుపటి మెత్తదనం లేదు, ఇస్త్రీపెట్టె ఎత్తిపెట్టేటప్పుడు చెయ్యి లాగడం లేదు.

మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే 'ఒక్కో శరీరం ఒక్కోలా స్పందిస్తుంది, రెండో కిట్ వాడండి, తగ్గింపు ఇస్తాం' అన్నారు. డబ్బు అడిగితే ప్యాకెట్ విప్పారు కాబట్టి వాపస్ లేదన్నారు. విప్పకుండా వాడి చూడడం ఎలాగో చెప్పలేదు. మెయిల్ పెట్టినా జవాబు లేదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఇచ్చింది. ప్రకటనలో నటించి మెచ్చుకున్న వాళ్లకూ అది వర్తిస్తుంది.

కిట్ ధర పూర్తిగా నాకు, ఈ ఉత్తరానికి జతచేసిన బిల్లుల వాళ్లకు వాపస్ ఇవ్వండి. పెద్దావిడ ఆస్పత్రి ఖర్చు మీరు భరించండి, చాట్‌లో అలా జవాబిచ్చినందుకు ఆవిడకు రాతపూర్వకంగా క్షమాపణ చెప్పండి. రెండు ఇంచులు అన్న మాట, బద్ధకం అన్న మాట ఉన్న ప్రకటనలు తీసేయండి. ఎవరు వాడకూడదో డబ్బా మీద తెలుగులో, 'కొనండి' అన్న అక్షరాలంత పెద్ద అక్షరాలతో వేయండి. అది మాత్రం నా డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా ముందు చేయండి, ఈలోపు ఇంకో బోద చెయ్యి మీ స్లీవ్‌లోకి వెళ్లకూడదు.

ఈ ఉత్తరం అందిన నెలలోపు సమాధానం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయించి, మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. కొనుగోలుదారు ఉన్న చోటే కేసు వేసుకోవచ్చని, 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదని తెలుసుకున్నాను.

బిల్లుల నకళ్లు, చాట్ స్క్రీన్‌షాట్లు, ఆస్పత్రి చీటీ (ఆవిడ అనుమతితో, పేరు కనబడకుండా), కొలతల పుస్తకంలోని పేజీల ఫొటోలు జతచేశాను. కొలతలన్నీ చెయ్యి వదులుగా వదిలి, ప్రతిసారీ ఒకే చోట, పొద్దున పూట తీసినవి. అనుమానం ఉంటే మీ మనిషిని పంపండి, ఎదురుగానే కొలిచి చూపిస్తాను.

ఇట్లు,
జాకెట్ల టైలర్,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా