దోర్నాల గేటు తొమ్మిదికి పడుతుంది

సంపాదకులకు,

అయ్యా,

దసరా సెలవులు, వాటి వెనకే కార్తీకం వస్తున్నాయంటే పత్రికల్లో విహార పేజీలు మొదలవుతాయి. ఎత్తిపోతల ఫొటో ఒకటి, శ్రీశైలం గేట్లెత్తిన ఫొటో ఒకటి, నల్లమల పచ్చదనం గురించి నాలుగు మంచి మాటలు. అవి చదివి గుంటూరు, విజయవాడల నుంచి పిల్లాపాపలతో, ముసలివాళ్లతో కార్లు బయల్దేరతాయి. ఎక్కడికి వెళ్లాలో ఆ పేజీలు చెబుతున్నాయి కానీ, అడవిలోకి కారు తీసుకెళ్లేవాడికి ఏం తెలిసి ఉండాలో చెప్పడం లేదు. ఆ లోటు కొంతైనా తీరాలని ఈ ఉత్తరం.

గుంటూరు నుంచి నల్లమలకు ముఖ్యంగా రెండు దారులు. సత్తెనపల్లి, పిడుగురాళ్ల మీదుగా మాచర్ల చేరి, ఎత్తిపోతల, నాగార్జునసాగర్ చూసుకుని, యర్రగొండపాలెం మీదుగా దోర్నాల చేరేది ఒకటి. నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం మీదుగా దోర్నాల వచ్చేది ఇంకొకటి. పోయేటప్పుడు మొదటిది, వచ్చేటప్పుడు రెండోది పట్టుకుంటే రెండు వైపులా కొత్త దారే. ఎటు వెళ్లినా దోర్నాలలో కలవాల్సిందే. అక్కడి నుంచి శ్రీశైలం దాదాపు 50 కిలోమీటర్లు. ఆ దారి వెళ్లేది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలోంచి. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన ఈ అడవి విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం.

ముందుగా గేటు సంగతి. దోర్నాల దగ్గరా, శ్రీశైలం వైపు శిఖరం దగ్గరా ఉన్న అటవీ చెక్‌పోస్టులు రాత్రి 9 గంటలకు మూస్తారు, ఉదయం 6కు తీస్తారు. తెలంగాణ వైపు మన్ననూరు, దోమలపెంట గేట్లకూ ఇదే నియమం. తెలియనివాళ్లు ఇంట్లో టిఫిన్లు ముగించుకుని తొమ్మిదింటికి బయల్దేరతారు. మాచర్లలో భోజనం రెండవుతుంది, సాగర్‌లో పొద్దు వాలుతుంది, దోర్నాల చేరేసరికి గేటు పడి ఉంటుంది. ఇక చంటిపిల్లలతో కారులోనే రాత్రి. సిబ్బందిని బతిమాలి లాభం లేదు, బతిమాలనూ కూడదు. విజయవాడ నుంచైతే తెల్లవారుజామున 5 గంటలకు కదిలి, ఎత్తిపోతల, సాగర్ మధ్యాహ్నానికి ముగించి, సాయంత్రం 4 గంటలకల్లా దోర్నాల దాటేలా చూసుకోవాలి. ఒక్క రోజులో వెళ్లి వచ్చేద్దామనే ఆలోచన మానుకోవడం మంచిది. అలసిపోయిన డ్రైవరు తిరుగు దారిలో మళ్లీ ఘాట్ రోడ్డు దిగాల్సి వస్తుంది.

9 దాకా గేటు తీసే ఉంటుంది కదా అని 7 గంటలకు అడవిలోకి దూరడం అంతకన్నా ప్రమాదం. దుప్పులు, కణితులు, అడవిపందులు, ఎలుగుబంట్లు మేతకూ నీళ్లకూ కదిలేది మసకచీకటిలోనే. 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. జంతువును చూసి, కాలు బ్రేకు మీదికి వెళ్లి, బండి ఆగేసరికి పొడి రోడ్డు మీద కూడా 35 మీటర్లకు తక్కువ పట్టదు. అదే 30లో అయితే 13, 14 మీటర్లు చాలు. అడవిలో 30, 40 మించి పోవద్దనేది అందుకే. ఇంకో మాట: ఒక దుప్పి రోడ్డు దాటిందంటే వెనక మంద ఉందని లెక్క. మొదటిది వెళ్లిపోయింది కదా అని ఆక్సిలరేటర్ తొక్కినవాళ్లే రెండోదాన్ని గుద్దుతారు. జంతువు కనబడితే హారన్ కొట్టొద్దు, లైట్లు డిమ్ చేసి ఆగండి, దానంతట అదే పోతుంది.

బండి విషయం. బయల్దేరే ముందు రోజు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించాలి. డ్రైవరు డోరు దగ్గర అంటించిన స్టిక్కరు మీద మామూలు లోడుకు ఒక అంకె, నిండు లోడుకు ఒక అంకె ఉంటాయి. ఐదుగురూ సామాన్లూ అయితే రెండోదే పెట్టించాలి. స్టెప్నీలో గాలి చూపించేవాళ్లు తక్కువ. అడవి మధ్యలో టైరు విప్పాక స్టెప్నీ కూడా మెత్తగా ఉందని తెలియడం మామూలే. జాకీ, వీల్ స్పానర్ డిక్కీలో ఉన్నాయో లేదో కళ్లతో చూడండి. మన వైపు సీఎన్‌జీ కార్లు ఎక్కువయ్యాయి. అడవి దారిలో గ్యాస్ మీద ఆశ పెట్టుకోకుండా పెట్రోలు నింపుకోవాలి. డీజిల్ బండైనా మార్కాపురంలోనో దోర్నాలలోనో ట్యాంకు నింపాకే ఘాట్ ఎక్కడం క్షేమం. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి.

ఎక్కడం కన్నా దిగడంలోనే బండి చెడేది. ఎక్కిన గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పే మాట అక్షరాలా నిజం. రెండో గేరులో దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. నాలుగో గేరులోనో, పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లోనో దిగితే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ప్యాడ్లు కాలి పట్టు తప్పుతాయి. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకునే రకం కాబట్టి, పాతబడిన ఆయిల్ ఆ వేడికి మరిగి బుడగలు కడుతుంది. అప్పుడు పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, బండి మాత్రం ఆగదు. అందుకే ఆ ఆయిల్‌ను రెండేళ్లకోసారి మార్పించమంటారు. మాడు వాసన వచ్చినా, పెడల్ మెత్తబడినా వెంటనే గేరు తగ్గించి, వెడల్పాటి చోటు చూసి ఆపాలి. చక్రానికి రాయి పెట్టి, గేరులో ఉంచి, అరగంట ఆగాలి. తొందరపడి డిస్కుల మీద నీళ్లు పోయకూడదు, వంకరపోతాయి. ఆటోమేటిక్ కార్లున్నవాళ్లు గేరును డీ (మామూలు డ్రైవ్)లో పెట్టి దిగిపోతున్నారు. ఎల్ (తక్కువ గేరు) గానీ, మాన్యువల్ మోడ్‌లో 2 గానీ ఉన్నది దీనికే. ఎదురెదురు వచ్చినప్పుడు ఇరుకు చోట ఎక్కే బండికే దారి ఇవ్వాలని నియమం.

ఇక కోతులు. ఈ ఉత్తరంలో పత్రిక ఏ ఒక్క ముక్క వేసినా ఇది వేయమని నా మనవి. దోర్నాల నుంచి శ్రీశైలం దాకా మలుపు మలుపునా కోతుల గుంపులు రోడ్డు పక్కన కూర్చుని ఉంటాయి. అవి అడవిలో తిండి లేక వచ్చినవి కావు. కార్లలోంచి అరటిపళ్లు, పులిహోర, బిస్కెట్లు పడతాయని నేర్చుకుని వచ్చినవి. మేడి, మర్రి, తునికి, నేరేడు పళ్లు తిని గింజలు అడవంతా చల్లడం కోతి పని. రోడ్డు మీద మైదా బిస్కెట్టు దొరికిన కోతి ఆ పనికి పోదు. పిల్లల్ని కూడా రోడ్డు పక్కనే పెంచుతుంది. తల్లి పొట్ట పట్టుకున్న పిల్ల జారి చక్రం కింద పడుతుంది. దాన్ని తప్పించబోయి ముందు కారు బ్రేకు వేస్తే, వెనక కారు దాన్ని గుద్దుతుంది. చచ్చిన కోతిని తినడానికి నక్కో ఇంకో మాంసాహారో రోడ్డెక్కుతుంది, రాత్రి లారీ కింద అదీ పోతుంది. పళ్లు కట్టి విసిరిన ప్లాస్టిక్ కవరు ఉప్పు రుచికి దుప్పి నోట్లోకి పోతుంది. నెమరు వేసే జంతువు పొట్టలో అది అరగదు, బయటికీ రాదు. ఒక్క అరటిపండు వెనక ఇంత కథ ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలో జంతువులను వేధించడం, చెత్త వేయడం రెండూ నేరమే.

హనుమంతుడి రూపమని భక్తితో పెట్టేవాళ్లున్నారు. వాళ్ల మనసును తప్పు పట్టడం లేదు. ఆ పుణ్యం కావాలనుకుంటే శ్రీశైలంలో నిత్యాన్నదానానికి ఇవ్వవచ్చు. దాంతో ఏ కోతీ చావదు.

కోతులున్న చోట అద్దాలు ఎత్తి ఉంచాలి, చేతిలో తినే వస్తువు కనబడకూడదు. పిల్లలు పళ్లు కనబడేలా నవ్వుతూ కళ్లలోకి చూస్తే కోతికి అది బెదిరింపులా తోస్తుంది. సంచీ పట్టుకుందంటే వదిలేయండి, గుంజుకోవద్దు. కరిచినా గీరినా సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రిలో రేబిస్ టీకా మొదలుపెట్టాలి. పసుపు, సున్నం, కారం పెట్టి కూర్చోవద్దు.

జలపాతాల దగ్గర చావులు చాలావరకు ఈత రానివాళ్లవే అనుకుంటాం. జారి తల పగిలినవాళ్లూ, ఉన్నట్టుండి వచ్చిన నీటిలో కొట్టుకుపోయినవాళ్లూ తక్కువేం కాదు. ఎత్తిపోతల దాదాపు 70 అడుగుల జలపాతం. చంద్రవంక వాగు, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి దూకే చోటు. కింద మడుగులో మొసళ్లున్నాయి, అక్కడ మొసళ్ల పెంపక కేంద్రం కూడా ఉంది. పై నుంచి చూసి ఆనందించాల్సిన చోటే గానీ దిగాల్సిన చోటు కాదు. తెలంగాణ వైపు వటవర్లపల్లి దగ్గర మలుపు తిరిగి వెళ్లే మల్లెలతీర్థానికి దాదాపు 350 మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను పైనే నీడలో కూర్చోబెట్టడం మేలు. ఏ వాగులోనైనా నీళ్లు రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం మొదలైనా, హోరు పెరిగినా, మన నెత్తిన చినుకు లేకపోయినా సరే, ఎగువన వాన పడిందని అర్థం. చెప్పులు, ఫోన్లు చూసుకోకుండా గట్టెక్కాలి.

పులిని చూపిస్తారని సఫారీకి వెళ్లేవాళ్లకు ఒక మాట. జూలై 1 నుంచి సెప్టెంబరు 30 దాకా పులుల అభయారణ్యంలో సఫారీలు ఆపేస్తారు. ఆ నెలల్లో బయల్దేరి వెనక్కి రావద్దు. తెరిచి ఉన్నప్పుడు దోర్నాల దారిలో తుమ్మలబైలు దగ్గర, ఆత్మకూరు దారిలో బైర్లూటి దగ్గర అటవీశాఖ జీపులుంటాయి. పులి కనబడటం అదృష్టం. కానీ బురదలో అడుగుజాడ, చెట్టు బెరడు మీద గోళ్ల గీతలు, ఉన్నట్టుండి దుప్పి పెట్టే హెచ్చరిక కేక, ఇవి గుర్తుపట్టడం నేర్పితే పిల్లలు ఇంటికి ఖాళీగా రారు. దారిలో చెంచు గూడేలు కనబడతాయి. అవి ప్రదర్శనశాలలు కావు. అడగకుండా ఫొటోలు తీయడం, పిల్లల వైపు బిస్కెట్లు విసరడం చేయవద్దు. వాళ్లకు మేలు చేయాలనిపిస్తే గిరిజన సహకార సంస్థ దుకాణంలో తేనె కొనండి.

శ్రీశైలం గేట్లెత్తిన శని, ఆదివారాల్లో డ్యామ్ దగ్గర మలుపుల్లో కార్లు నిలిపి ఫొటోలు తీసుకోవడం వల్ల గంటల కొద్దీ దారి ఆగుతుంది. ఆ వరుసలో అంబులెన్స్ కూడా ఉండవచ్చు. కుదిరినవాళ్లు మంగళ, బుధవారాలు పెట్టుకుంటే నీళ్లూ చూడవచ్చు, మనశ్శాంతీ దక్కుతుంది.

ఇప్పుడు అధికారులకు మూడు విన్నపాలు. గేటు వేళలు తెలిపే పెద్ద బోర్డులు దోర్నాలలో కాదు, మాచర్ల, వినుకొండ, మార్కాపురంలో పెట్టించండి. గేటు దగ్గరికొచ్చాక తెలిసి ఉపయోగం లేదు, ఇంకా బస దొరికే ఊళ్లో ఉండగా తెలియాలి. రెండోది, దోర్నాల చెక్‌పోస్టులో ప్రతి బండికీ ఒక గోనెసంచీ ఇచ్చి కొంత డిపాజిట్ తీసుకోండి. లోపలికి పోయే ప్లాస్టిక్ సీసాలు లెక్కపెట్టి రాసుకుని, శిఖరం దగ్గర లెక్క సరిపోతే డబ్బు తిరిగి ఇవ్వండి. మూడోది, చెక్‌పోస్టుల దగ్గర ఆడవాళ్లకు నీళ్లున్న మరుగుదొడ్లు కావాలి. అవి లేకనే కుటుంబాలు అడవి మధ్యలో, ఆగకూడని చోట కార్లు ఆపుతున్నాయి.

పత్రికకు విన్నపం చిన్నది. విహార పేజీలో నల్లమల ఫొటో వేసిన ప్రతిసారీ, దాని కింద గేటు వేళలూ, సఫారీ మూసే నెలలూ, కోతులకు తిండి పెట్టవద్దన్న మాటా ఒక చిన్న పెట్టెలో వేయండి. నాలుగు లైన్లు చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గుంటూరు.