కొత్త పని నేర్చుకునే భారమంతా ఉద్యోగి నెత్తినేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

ఏఐ కాలంలో ఉద్యోగం ఎలా కాపాడుకోవాలో చెబుతూ మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివి పది రోజులు దాటింది. నైట్ షిఫ్టుల వల్ల ఇవాళ్టికి గానీ రాయడం కుదరలేదు. ఇన్ని రోజులైనా కోపం తగ్గలేదు. రోజూ గంటసేపు కొత్త టూల్స్ నేర్చుకోవాలని, శని, ఆదివారాల్లో సర్టిఫికెట్ కోర్సులు చేయాలని, నేర్చుకోనివాళ్లు వెనకబడిపోతారని రాశారు. మొదటి నుంచి చివరిదాకా చేయాల్సిందంతా ఉద్యోగే. కంపెనీ ఏం చేయాలో ఒక్క వాక్యం లేదు. ప్రభుత్వం అన్న మాటే రాలేదు. పైగా అదే పేజీ కింద సగం మేర ఒక కోచింగ్ సెంటర్ ప్రకటన వేశారు. చదివిన పిల్లలు దాన్ని మీ సలహాగానే తీసుకుంటారు. ఇంత పెద్ద పత్రిక ఇలా చేయడం బాధ కలిగించింది.

మెషీన్ వల్ల పని మారడం నాకు కొత్త కాదు. 2002లో అమీర్‌పేటలో మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ నేర్చుకుని ఈ రంగంలోకి వచ్చాను. అమెరికా డాక్టర్లు రికార్డు చేసి పంపింది హెడ్‌ఫోన్‌లో వింటూ, కాలితో పెడల్ తొక్కుతూ టైప్ చేసే పని అది. లైనుకు ఇంత అని జీతం. 65 అక్షరాలైతే ఒక లైను. ఇలియమ్ అనే మాట ఒకటే వినిపిస్తుంది, కానీ ఒక స్పెల్లింగుకు చిన్నపేగు చివరి భాగం, ఇంకో స్పెల్లింగుకు తుంటి ఎముక. మింగడానికి ఇబ్బంది అయితే డిస్ఫేజియా, మాటకు ఇబ్బంది అయితే డిస్ఫేసియా. డాక్టరు నోట్లో నములుతూ చెప్పినా మేము సరిగా పట్టుకోవాలి. కొన్నేళ్లకు స్పీచ్ రికగ్నిషన్ వచ్చింది. మెషీన్ టైప్ చేస్తుంది, మీరు దిద్దితే చాలు అన్నారు. పని పోదు, మారుతుంది అని అప్పుడూ ఇదే మాట చెప్పారు. నిజమే, పని పోలేదు. లైను రేటు మాత్రం సగమైంది. మెషీన్ రాసిన తప్పును వెతికి దిద్దడం మనం సొంతంగా టైప్ చేయడం కంటే చాలాసార్లు కష్టమని ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. చివరికి ఆ ఆఫీసే మూసేశారు.

తర్వాత మెడికల్ కోడింగ్‌లోకి వచ్చాను. మా ఊళ్లో చాలామంది కోడింగ్ అంటే సాఫ్ట్‌వేర్ అనుకుంటారు. కాదు. డాక్టరు రాసిన చార్టు, అంటే రోగి రికార్డు చదివి, జబ్బుకూ చికిత్సకూ సరైన కోడ్ నంబరు వేయాలి. దాన్నిబట్టే అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీ ఆసుపత్రికి డబ్బు కడుతుంది. బీఎస్సీ, బీఫార్మసీ, నర్సింగ్ చదివిన మన పిల్లలు హైదరాబాద్‌లో ఎంతోమంది ఈ పనిలో ఉన్నారు. ఎక్కువమంది ఆడపిల్లలే.

ఆ వ్యాసం రాసినవారికి 2015 సంగతి ఒకటి చెప్పాలి. జబ్బులకు వేసే కోడ్‌ల జాబితాను ఐసీడీ అంటారు. అమెరికా ఆ ఏడాది అక్టోబరు 1న ఐసీడీ-9 నుంచి ఐసీడీ-10కు మారింది. సుమారు 14,000 ఉన్న జబ్బుల కోడ్‌లు ఒక్కసారిగా 69,000 దాకా అయ్యాయి. అంతకుముందు మోకాలి నొప్పి ఏ కాలిదైనా ఒకటే కోడ్. కొత్తదాంట్లో కుడి మోకాలికి ఎం25.561, ఎడమ మోకాలికి ఎం25.562. మేము చేస్తున్న పని మొత్తం తిరగబడినట్టే. అయినా మా ఫ్లోర్‌లో ఒక్కరి ఉద్యోగం కూడా పోలేదు. నెలల తరబడి షిఫ్టులోనే రోజుకు రెండు గంటలు క్లాసులు పెట్టారు. ఆ గంటలకు టార్గెట్ తగ్గించారు, జీతం పూర్తిగా ఇచ్చారు. అనాటమీ మళ్లీ మొదటి నుంచి చెప్పించారు. అది మా మీద దయతో చేసింది కాదు. కోడ్‌లు తప్పితే బిల్లులు ఆగిపోతాయి, అందుకే చేశారు. అవసరం అనుకుంటే కంపెనీ తన ఖర్చుతో, తన టైములో నేర్పించగలదని ఆ ఏడాది కళ్లారా చూశాను. ఏఐ విషయానికి వచ్చేసరికి మాత్రం ఇంట్లో నేర్చుకోండి, మీ డబ్బుతో నేర్చుకోండి అంటున్నారు.

ఇంట్లో ఎప్పుడు నేర్చుకోవాలి? క్యాబ్ దిగేసరికి తెల్లారుతుంది. పిల్లల టిఫిన్ బాక్సులు, మామగారి షుగర్ మాత్రలు, వంట అయ్యాక పదింటికి పడుకుంటాను. రోజుకు గంట అని రాయడం తేలిక.

ఇప్పుడు ఫ్లోర్‌లో జరుగుతున్నది చెబుతాను. ఎక్స్‌రే రిపోర్టుల్లాంటి తేలిక చార్టులకు సాఫ్ట్‌వేరే కోడ్ వేసి పంపేస్తోంది. దానికి తేలనివి మా దగ్గరకు వస్తున్నాయి. గంటకు ఇన్ని చార్టులు అన్న టార్గెట్ మాత్రం తేలికవీ కష్టమైనవీ కలిసి వచ్చిన రోజుల్లో పెట్టిందే. తప్పులు దొర్లితే ఆడిట్‌లో మాకే కోత. ఔట్‌పేషెంట్ చార్టులో డాక్టరు న్యుమోనియా కావచ్చు అని రాస్తే న్యుమోనియా కోడ్ వేయకూడదు, దగ్గు, జ్వరం లాంటి లక్షణాలకే వేయాలి. అదే ఆసుపత్రిలో చేరిన రోగికి డిశ్చార్జి నాటికీ అలాగే రాసి ఉంటే ఆ జబ్బు కోడే వేయొచ్చు. మెషీన్ ఇలాంటి చోట తప్పు వేయడం చాలాసార్లు చూశాను. మేము దిద్దుతాం. మా దిద్దుబాటు చూసి అది నేర్చుకుంటుంది. అంటే మెషీన్‌కు శిక్షణ ఇస్తున్నది మేము. ఆ పనికి పేరు లేదు, లెక్క లేదు, ఒక్క రూపాయి అదనంగా రాదు.

ఇంతకన్నా పెద్ద బెంగ కొత్తగా చేరిన పిల్లల గురించి. ఈ పనిలో ఎవరైనా ఎక్స్‌రేలతోనే మొదలుపెడతారు. ఆరు నెలలు అవి చేశాక కొంచెం కష్టమైనవి, తర్వాత సర్జరీ చార్టులు. నల్గొండ నుంచి వచ్చిన ఒకమ్మాయి మొన్న నన్ను అడిగింది, "అక్కా, మాకు ఎక్స్‌రేలు ఎప్పుడిస్తారు?" అని. నాకు జవాబు లేదు. అవి మెషీన్‌కు పోయాయి. కష్టమైనవి ఇవ్వాలంటే అనుభవం లేదంటారు. పని ఇవ్వకుండా బెంచ్ మీద మూడు నెలలు కూర్చోబెట్టి పంపేస్తారు. మొదటి మెట్టు తీసేసి పైమెట్టు ఎక్కమంటే ఆ పిల్లలు ఎక్కడ ఎక్కుతారు? ఇంకో పదేళ్లకు మెషీన్ తప్పు పట్టుకునే సీనియర్ ఎక్కడి నుంచి వస్తారు? అయినా ఈ పిల్లల దగ్గర కోచింగ్ సెంటర్లు ఫీజులు వసూలు చేస్తూనే ఉన్నాయి. జాబ్ గ్యారంటీ అన్న బోర్డు పక్కన ఇప్పుడు ఏఐ అన్న మాట కూడా చేరింది. ఆ బోర్డులను ఏ అధికారీ వచ్చి చూడడు.

అధికారుల సంగతీ చెప్పాలి. నైపుణ్య శిక్షణ ఇచ్చే ఒక ప్రభుత్వ కార్యాలయానికి ఫోన్ చేశాను. ఏ కాలేజీ అని అడిగారు. నాకు 46 ఏళ్లు, ఉద్యోగం చేస్తున్నాను అన్నాను. ఇంకో నంబరు ఇచ్చారు. నాలుగు రోజులు చేసినా ఎవరూ ఎత్తలేదు. మనవాళ్ల దృష్టిలో శిక్షణ అంటే ఇరవై ఏళ్ల విద్యార్థికే. సగం జీవితం పనిచేసినవాళ్లు మళ్లీ నేర్చుకోవాల్సి వస్తుందని ఎవరూ ఆలోచించినట్టు లేదు.

2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విశాఖ రుషికొండలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకు ఇచ్చింది. 12,000 ఉద్యోగాలు వస్తాయన్నారు. అదే ఏడాది జులైలో ఆ సంస్థ తన సిబ్బందిలో 2 శాతాన్ని, అంటే 12,000 మందికి పైగా తగ్గించుకుంటున్నట్టు ప్రకటించింది. అందులో ఎక్కువమంది మధ్య స్థాయి, పై స్థాయి వాళ్లు. ఇది ఏఐ వల్ల కాదు, నైపుణ్యాలు కుదరకపోవడం వల్ల అని సీఈఓ చెప్పారు. నాకూ విశాఖకు కంపెనీలు రావాలనే ఉంది, మా చెల్లెలి కొడుకు అక్కడే చదువుతున్నాడు. కానీ ప్రజల భూమి ఇచ్చేటప్పుడు ఎన్ని ఉద్యోగాలు అన్న అంకె అందరికీ చెప్పారు, పని మారినప్పుడు ఉన్నవాళ్లకు ఎవరు నేర్పుతారన్న మాట నేను చదివిన ఏ వార్తలోనూ కనపడలేదు. నైపుణ్యం కుదరలేదని ఇంటికి పంపేముందు ఆ నైపుణ్యం ఎన్ని గంటలు నేర్పారో కంపెనీ చూపించాలి కదా.

చట్టం ఉంది కదా అనవచ్చు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే కార్మిక చట్టంలో రీస్కిల్లింగ్ ఫండ్, అంటే కొత్త పని నేర్చుకోవడానికి ఇచ్చే నిధి ఉంది. తీసేసిన కార్మికుడికి యజమాని 15 రోజుల జీతం అందులో వేయాలి, 45 రోజుల్లో అది కార్మికుడి ఖాతాకు చేరాలి. మంచిదే. కానీ ఉద్యోగం పోయాక ఇచ్చేది అది, పోకుండా ఉండటానికి కాదు. 15 రోజుల జీతంతో ఇంకో పని నేర్చుకోవడం ఎవరివల్ల అవుతుంది? పైగా పర్యవేక్షణ పనిలో ఉండి జీతం నెలకు 18,000 రూపాయలు దాటినవాళ్లు కార్మికుల లెక్కలోకే రారు. మా దగ్గర ఆరుగురి చార్టులు చూసే అమ్మాయిని కూడా టీమ్ లీడ్ అంటారు. తన సంగతేమిటో తనకే తెలియదు. ఏఐ గురించి ఇన్ని పేజీలు వేస్తున్నారు, ఈ చట్టం ఎవరికి వర్తిస్తుందో, ఎవరికి వర్తించదో ఒక్క పేజీ వేయండి.

నేర్చుకోవద్దని నేను అనడం లేదు. మూడుసార్లు నేర్చుకున్నాను, ఇప్పుడూ నేర్చుకుంటాను. నన్ను ఇన్నేళ్లు నిలబెట్టింది ఏ టూలూ కాదు, చార్టు చదివితే లోపలి మనిషికి ఏమైందో తెలియడం. అది తెలియాలంటే చిన్న చార్టుల దగ్గర కూర్చోబెట్టి, తప్పు చేస్తే దిద్దే మనిషి పక్కన ఉండాలి. షిఫ్టులో గంట కేటాయించి కొత్త పిల్లలకు ఎక్స్‌రేలు ఇవ్వండి, మెషీన్ వేసిన కోడ్‌తో వాళ్ల కోడ్ పోల్చి చూపిస్తాను అని మా మేనేజర్‌కు రాసి ఇచ్చాను. క్లయింట్ ఒప్పుకోరు అన్నారు.

మీరు మళ్లీ ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు దయచేసి ఒక హెచ్‌ఆర్ అధికారినీ, ఒక కార్మిక శాఖ అధికారినీ కూడా అడగండి. 2015లో షిఫ్టులో నేర్పినవాళ్లు ఇప్పుడు ఎందుకు నేర్పడం లేదో వాళ్లచేత చెప్పించండి. మీ విలేకరి వస్తానంటే నేనూ మాట్లాడతాను. మధ్యాహ్నం మూడు తర్వాత మెలకువగానే ఉంటాను.

ఇట్లు,
ఒక మెడికల్ కోడర్,
కూకట్‌పల్లి, హైదరాబాద్