బుట్టను తోలుసంచి చేశారు

సంపాదకులకు నమస్కారం.

బడ్జెట్ మరునాడు మీ పత్రికలో వచ్చిన మాటల పుట్టుక బాక్సులో, ప్రభుత్వ ఆదాయ వ్యయాలకు సంబంధించిన ‘ఫిస్కల్’ అనే మాట తోలుసంచి అనే అర్థం గల లాటిన్ పదం నుంచి పుట్టిందని రాశారు. సవరణ వేస్తారని పన్నెండు రోజులు ఎదురుచూసి, ఇక వేయరని తేలాక ఈ ఉత్తరం రాస్తున్నాను.

తోలుసంచి అసలు ‘బడ్జెట్’ అనే మాట సొత్తు. దాని లాటిన్ రూపం ‘బుల్గా’, అదీ నేటి ఫ్రాన్సు ప్రాంతంలో ఉండిన గాల్ జాతుల భాష నుంచి అరువు తెచ్చుకున్నదే. ‘ఫిస్కల్’కు మూలమైన ‘ఫిస్కస్’ మాత్రం రెల్లుతోనో సన్నని కొమ్మలతోనో అల్లిన బుట్ట. నూరిన ఆలివ్ గుజ్జును అందులో కుక్కి, బరువు కింద పెట్టి నూనె పిండేవారు. డబ్బు మోయడానికీ అదే బుట్ట పనికొచ్చింది. క్రీ.పూ. 70లో సిసిలీ మాజీ గవర్నరు వెర్రెస్ మీద అభియోగం నడిపిన రోమన్ వక్త సిసెరో, సిసిలీ డబ్బుతో నిండిన ‘ఫిస్కస్’లు ఒక సెనేటరు ఇంటి నుంచి చేతులు మారాయనీ, వాటిలో పదింటిని ఎన్నికల్లో తనను ఓడించడానికే విడిగా ఉంచారనీ న్యాయస్థానంలోనే చెప్పాడు. (ఓటుకు నోటు మన కనిపెట్టుడేనని గర్వించేవారు గమనించగలరు.) రోమన్ చక్రవర్తుల కాలం వచ్చేసరికి ఆ బుట్టే ఏలినవారి ఖజానాకు పేరై, రోమన్ల దేవుడు సాటర్న్ ఆలయంలో ఉండే ప్రజల ఖజానా ‘ఎరారియం’ను క్రమంగా మింగేసింది. ఆస్తి జప్తును ఇంగ్లీషులో ‘కాన్ఫిస్కేట్’ అనడంలో ఉన్నదీ ఈ బుట్టే.

ఇంతకూ నా బాధ బుట్ట గురించి మాత్రమే కాదు. ఒర, పొర, గింజల తిత్తి, ధనాగారం, చివరకు నిఘంటువు కూడా అయిన ‘కోశం’ అనే మాట మనకుండగా, కౌటిల్యుడు రాజ్యానికి చెప్పిన ఏడు అంగాలలో అదొకటై ఉండగా, తెలుగు అకాడమి పుస్తకాలు ‘ఫిస్కల్ పాలసీ’ని ‘కోశ విధానం’, ‘ఫిస్కల్ డెఫిసిట్’ను ‘కోశ లోటు’ అని చక్కగా స్థిరపరచగా, మీరు, మీతోపాటు తక్కిన పత్రికలు, ‘ద్రవ్యలోటు’ అని రాస్తారు. రిజర్వు బ్యాంకు వడ్డీ రేట్లు మార్చిన రోజున అదే పత్రికలో ‘ద్రవ్య విధానం’ అని రాస్తారు. ప్రభుత్వం చేసే అప్పుకూ, చలామణిలో ఉన్న డబ్బుకూ ఒకే మాట వాడితే, పరీక్షలో ఒకదానికి మరొకటి రాసిన విద్యార్థిని తప్పుపట్టే హక్కు నాకెక్కడిది? ముప్పై ఏళ్లు ఈ రెంటి మధ్య తేడా చెప్పడానికే నా సుద్దముక్కలు అరిగిపోయాయి. ప్రభుత్వ లోటును అదుపులో పెట్టడానికి తెచ్చిన 2003 నాటి కేంద్ర చట్టానికి (ఎఫ్‌ఆర్‌బీఎం) తెలుగు పేరు పెట్టినవారూ అందులో ‘ద్రవ్య బాధ్యత’ అనే అన్నారు. సచివాలయంలో తర్జుమా చేసేవారికి నిఘంటువు తెరిచే తీరిక ఉండదు. టీవీ చర్చల్లోనైతే సాక్షాత్తూ శాసనసభ్యులే ‘ఫిజికల్ డెఫిసిట్’ అంటుంటే, ఎదురుగా కూర్చున్నవారు గంభీరంగా తల ఊపుతున్నారు.

ఒకప్పుడు మీ పత్రికలో రెండో పుట అడుగున ‘తప్పొప్పులు’ అని నాలుగు వరుసల శీర్షిక ఉండేది. ఇప్పుడక్కడ బంగారు నగల ప్రకటన వస్తోంది. ఆ ప్రకటన కింద ఒక్క వరుస జాగా దొరికినా, బుట్టను బుట్టగా, తోలుసంచిని తోలుసంచిగా సవరించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి