స్టాల్ అద్దెతో లెక్క తేలదు నాన్నా

నాన్నా,

నువ్వు పంపిన కాగితం చూశాను. పైన ఎగ్జిబిషన్ ఖర్చు అని రాసి, కింద స్టాల్ అద్దె, ట్రాన్స్‌పోర్ట్, హోటల్, ఇతరత్రా అని నాలుగు వరుసలు వేశావు. ఆ చివరి వరుస చూసి నాకు టెన్షన్ పట్టుకుంది. ఎగ్జిబిషన్లలో డబ్బు కారిపోయేది ఆ ఇతరత్రాలోనే. ఇన్నేళ్లు కంపెనీ లెక్కలు రాసినదాన్ని, నువ్వు అడ్వాన్స్ కట్టేలోపు ఇవన్నీ నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ఈ రంగంలో ఉన్నవాళ్లు ఒక మోటు లెక్క వాడతారు. స్థలం అద్దె మొత్తం ఖర్చులో దాదాపు మూడో వంతు ఉంటుందంటారు. అంటే అద్దెను మూడుతో హెచ్చవేస్తే మొత్తం ఎంతలో ఉంటుందో తెలుస్తుంది. నీ కాగితంలో మొత్తం అద్దెకు రెట్టింపు కూడా రాలేదు. లాప్‌టాప్, బ్రోచర్లు పట్టుకుని వెళ్లేవాళ్లకు మూడు రెట్ల లోపే సరిపోవచ్చు. నువ్వు ప్యాకింగ్ మెషిన్ తీసుకెళ్తున్నావు, నీకు అంతకంటే ఎక్కువే కావచ్చు. అయినా ఆ హెచ్చవేత మీద ఆధారపడొద్దు. వరుస వరుసా రాసుకున్నాక, ఏదైనా వదిలేశామా అని సరిచూసుకోవడానికే అది పనికొస్తుంది.

అద్దెలో ఏమేం కలిసి ఉన్నాయో ముందు అడుగు. షెల్ స్కీమ్ అయితే, అంటే నిర్వాహకులే కట్టి ఇచ్చే స్టాల్ అయితే, మామూలుగా మూడు మీటర్లకు మూడు మీటర్లు, అంటే 9 చదరపు మీటర్లు. గోడలు, కార్పెట్, పైన కంపెనీ పేరు పలక, ఒక టేబుల్, రెండు కుర్చీలు, కొన్ని లైట్లు, ఒక ప్లగ్ పాయింట్ ఇస్తారు. ఖాళీ స్థలం మాత్రమే తీసుకుంటే చదరపు మీటరు చౌకగా కనిపిస్తుంది. అక్కడ నేల తప్ప ఇంకేమీ ఉండదు, చివరికి కార్పెట్ కూడా నువ్వే వేయించుకోవాలి. మూల స్టాల్‌కి, మూడు వైపులా తెరిచి ఉన్న స్టాల్‌కి అదనంగా అడుగుతారు. పన్ను ఆ రేటులో కలిసిందో లేదో కూడా కనుక్కో. మొదటిసారి వెళ్తున్నావు కాబట్టి షెల్ స్కీమే తీసుకో. ఈ విషయంలో నాకు అనుమానం లేదు.

ఇక మెషిన్ సంగతి. నువ్వు ట్రాన్స్‌పోర్ట్ అని ఒక్క మాట రాశావు, అందులో ఎన్ని ఖర్చులున్నాయో చూడు. మెషిన్‌కి చెక్క పెట్టె చేయించాలి. వస్తూ కూడా అదే పెట్టెలో రావాలి కాబట్టి మేకులు కొట్టింది కాకుండా బోల్టులు వేసింది చేయించు. లారీ హాలు గేటు దగ్గరికి వచ్చాక, అక్కడి నుంచి స్టాల్ దాకా సామాను చేర్చే పని చాలాచోట్ల నిర్వాహకులు పెట్టుకున్న కాంట్రాక్టరే చేయాలి, బయటి ఫోర్క్‌లిఫ్ట్‌ని లోపలికి రానివ్వరు. దానికి బరువును బట్టో, గంటలను బట్టో చార్జీ ఉంటుంది. ఎంత తక్కువ పని ఉన్నా కనీస చార్జీ తప్పదు. కొన్ని దేశాల్లో ఈ ఒక్క పనికే లారీ బాడుగను మించి అవుతుంది. ఖాళీ అయిన పెట్టెను స్టాల్‌లో ఉంచనివ్వరు, షో అయ్యేదాకా దాచిపెట్టడానికి వేరే చార్జీ. చివరి రోజు ఇదంతా మళ్లీ వెనక్కి. అందరూ ఒకేసారి ఖాళీ చేస్తారు, ఫోర్క్‌లిఫ్ట్ కోసం వరుసలో నిలబడాలి, లారీవాడు ఆగిన గంటలకు డబ్బు అడుగుతాడు. మెషిన్ బరువైనది కాబట్టి పక్క స్టాళ్లు లేవకముందే లోపలికి చేరాలి, లేకపోతే దారి ఉండదు. అంటే నీ మనుషులు ఒక రోజు ముందే అక్కడ ఉండాలి. ఆ రోజు భత్యం, గది అద్దె నీ కాగితంలో లేవు.

బ్యానర్ల పెట్టె విమానంలో పంపుతానన్నావు. అక్కడ అసలు బరువు, పెట్టె కొలతలను బట్టి కట్టిన బరువు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 6000తో భాగించడం విమాన సరుకుల్లో మామూలు పద్ధతి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, 120 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పెట్టె అసలు బరువు 90 కిలోలే అయినా 200 కిలోలకు కట్టాలి. కొరియర్ వాళ్లు చాలామంది 5000తో భాగిస్తారు, అప్పుడు 240 అవుతుంది. వేరే దేశంలో జరిగే షోకి మెషిన్ తీసుకెళ్లే రోజు వస్తే ఏటీఏ కార్నే అనే కస్టమ్స్ పత్రం సంగతి ముందే చూసుకో. సుంకం కట్టకుండా సామాను తీసుకెళ్లి తిరిగి తెచ్చుకోవడానికి అది పనికొస్తుంది, గడువు ఏడాది దాకా ఉంటుంది, హామీగా కొంత మొత్తం చూపించాలి. పంచిపెట్టే సామానుకు మాత్రం అది పనికిరాదు.

కరెంటు కిలోవాట్ల లెక్కన కట్టాలి. షెల్ స్కీమ్‌తో ఇచ్చే పాయింట్ నీ మోటారుకు సరిపోదు. మెషిన్‌కి గాలి కావాలి కదా, హాలులో కంప్రెస్డ్ ఎయిర్ లైన్ ఇస్తారా, సొంత కంప్రెసర్ పెట్టనిస్తారా అని ఇప్పుడే రాసి అడుగు. ఇవన్నీ నిర్వాహకులు పంపే మాన్యువల్‌లో ఫారాలుగా ఉంటాయి. ప్రతి ఫారానికీ గడువు ఉంటుంది, అది దాటితే అదే కరెంటుకు, అదే టేబుల్‌కు ఎక్కువ కట్టాలి. అందుకే నీ పట్టికలో మొత్తం పక్కనే తేదీ కోసం ఇంకో గడి గీయి. అడ్వాన్స్ ఎప్పుడు, మిగతాది ఎప్పుడు, రద్దు చేసుకుంటే ఏ తేదీ దాకా ఎంత తిరిగి వస్తుంది, అన్నీ అందులో రాయి. చిన్న కంపెనీకి ఎంత ఖర్చన్నదానితో పాటు ఆ డబ్బు ఏ నెలలో పోతుందన్నదీ ముఖ్యమే. జీతాల వారంలో ఇది వచ్చి పడకూడదు.

ఇన్సూరెన్స్, స్టాల్ శుభ్రం చేయించడం, ఇంటర్నెట్, విజిటర్ల వివరాలు స్కాన్ చేసే యాప్ అద్దె, ఇవి చిన్నవే. విడివిడిగా రాయి. అన్నీ రాశాక పైన పది నుంచి పదిహేను శాతం పక్కన పెట్టు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్నది. నువ్వు 18 చదరపు మీటర్లు తీసుకుని ఇద్దరు మనుషుల్నే పంపాలనుకుంటున్నావు. నా మాట విని 9 చదరపు మీటర్లు తీసుకుని ముగ్గుర్ని పంపు. మెషిన్ నడిపే అబ్బాయి మాట్లాడలేడు, మాట్లాడేవాళ్లు భోజనానికి కూడా వెళ్లాలి. లెక్క వేసి చూడు. మూడు రోజులు, రోజుకు ఏడు గంటలు, ఇద్దరు మాట్లాడేవాళ్లు, గంటకు ఒక్కొక్కరు నలుగురితో మాట్లాడితే మొత్తం 168 మంది. ఖాళీ గంటలు తీసేస్తే అందులో సగం అనుకో, 84. మొత్తం ఖర్చును 84తో భాగించు. ఒక్కో మనిషితో మాట్లాడటానికి అంత పెట్టి, తర్వాత వాళ్లకు ఫోన్ చేయకపోతే పెట్టిందంతా వృథా. షో అయ్యాక రెండు వారాల పాటు ఒకరు ఇదే పనిలో ఉండాలి, ఆ జీతం కూడా ఈ లెక్కలోదే.

అప్పటికీ మొత్తం నీ చేతికి మించితే, స్టాల్ తీసుకోకుండా ఈసారి విజిటర్‌గా వెళ్లి రా. మెషిన్లు తెచ్చినవాళ్ల దగ్గర నిలబడి, దింపడానికి ఎంతయింది, కరెంటుకు ఎంత కట్టారు అని అడుగు. మర్యాదగా అడిగితే చాలామంది చెబుతారు.

పట్టిక మళ్లీ వేసి పంపించు. మాన్యువల్‌లో ఫారాలు కూడా జత చెయ్యి, రేట్లు నేను సరిచూస్తాను. అంతవరకు అడ్వాన్స్ కట్టకు.

ఆశీస్సులతో,
అమ్మ